మూడు షాపులకు ఒకే ఆపా

ఒక్క మనిషిని ముగ్గురిగా చూపించబోయి, చివరికి ఆ మనిషి సొంత షాపుకే ఎసరు పెట్టిన ఘనులు అమీర్‌పేటలో ఇంకెవరైనా ఉంటే చెయ్యెత్తండి. లేరు కదా? అయితే ఆ శాలువా ఇటివ్వండి, అది నాకే కప్పాలి. మైకు కూడా ఇవ్వండి. ఈ ఘోరం ఎలా జరిగిందో మొదట్నుంచీ చెప్తాను. నవ్వండి, పర్వాలేదు. కానీ మధ్యలో లేచి వెళ్ళిపోకండి, అసలు ఘోరం చివర్లో ఉంది.

అప్పట్లో నా తెలివి మీద నాకు మహా నమ్మకం. పాలకొల్లు నుంచి అమీర్‌పేట మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు నేర్చుకోడానికి వచ్చాను. కోర్సు అయింది, సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం ఒక్కటే రాలేదు. "హాస్టల్లో కూర్చుని ఆ నీళ్ళ సాంబారు తాగేకన్నా నా షాపులో కూర్చో శిరీషా" అని మా బాబాయి తీసుకెళ్ళి తన కళ్ళజోళ్ళ షాపు కౌంటర్లో కూర్చోబెట్టాడు.

అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య మెయిన్ రోడ్డు మీద ఉన్న పాత గవర్నమెంటు బిల్డింగు అది. పైన ఏదో ఆఫీసు. కింద వరసగా నాలుగు షాపులు, నాలుగూ కిరాయివే. పంజాగుట్ట వైపు నుంచి వస్తే ముందు మాది. పక్కన రావుగారి ట్రావెల్స్, బస్సు టికెట్లు ఇస్తారు. ఆ పక్కన అన్నపూర్ణగారి పచ్చళ్ళ షాపు. అమీర్‌పేట వైపు చివర షబానా ఆపా మ్యాచింగ్ సెంటర్. ఆపా అంటే ఉర్దూలో అక్క. చీర పట్టుకెళ్తే దానికి సరిపడే జాకెట్టు ముక్క, ఫాల్, లైనింగ్ చిటికెలో తీసిచ్చేస్తుంది ఆపా. నాలుగు షాపులకీ వెనక కూడా తలుపులున్నాయి, అవన్నీ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. ఈ వరసా, ఈ సందూ బాగా చూసిపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇవే.

మొదటి మూడు షాపుల వాళ్ళూ మా గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళే. పచ్చళ్ళ గురించి అడిగితే పొద్దున్నించి సాయంత్రం దాకా మాట్లాడతారు గానీ, ఉర్దూ అంటే గోడకి కొట్టిన మేకులా నిలబడిపోతారు. మా బాబాయి హైదరాబాదు వచ్చి జుట్టు నెరిసింది. ఆయనకొచ్చిన ఉర్దూ అంతా కలిపితే "అచ్ఛా", "కిత్నా". మూడోది ఆయనే తయారుచేసుకున్నాడు, తెలుగు వాక్యం చివర "హై" తగిలించడం. "అమ్మా, దూరంవి కనపడట్లేదు హై?" అని అడిగేవాడు. పాపం, అవతలి ముసలమ్మకి దూరం సంగతి ఎలా ఉన్నా బాబాయి చెప్పేది మాత్రం అర్థమయ్యేది కాదు.

నిజానికి మా దగ్గరికొచ్చే ముస్లిం కస్టమర్లలో చాలామంది మాకన్నా జోరుగా తెలుగు మాట్లాడతారు. ఎప్పుడైనా ఉర్దూ తప్ప ఇంకోటి రాని పెద్దవాళ్ళొస్తే, మేం చేసేది ఒకటే. వెనక తలుపు తీసి సందులోకి "ఆపా!" అని గావుకేక పెట్టడం. ఆపా తన షాపు గుమ్మానికి అడ్డంగా ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టేది. ఆ రోడ్డు మీద ఎవరిని అడిగినా చెప్తారు, స్టూలు అడ్డం ఉందంటే షాపు తీసే ఉంది, మనిషి పక్కనే ఉంది, ఇప్పుడే వస్తుంది అని. అలా స్టూలు పెట్టేసి, దుపట్టా తల మీదకి లాక్కుంటూ వచ్చి, రెండు మాటల్లో పని తేల్చేసి వెళ్ళేది.

"నేనేమన్న మీ ముగ్గురి ఇండ్లకు కోడలినా? పిలిస్తే చాలు ఉరుకొస్తున్న" అని తిట్టేది. తిట్టి, అన్నపూర్ణగారి దగ్గర గోంగూర పచ్చడి డబ్బా పుచ్చుకుని వెళ్ళేది. అందరం హాయిగా ఉండేవాళ్ళం.

ఇంతలో ఎర్రమంజిల్‌లోని గవర్నమెంటు ఆఫీసు నుంచి కబురొచ్చింది. గవర్నమెంటు బిల్డింగుల్లో వ్యాపారం చేసేవాళ్ళు వచ్చే జనానికి తెలుగులోనూ ఉర్దూలోనూ, రెండింట్లోనూ జవాబు చెప్పగలగాలట. కిరాయి పొడిగించే ముందు ఒక ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తారట. రెండు భాషల మనిషి లేని షాపు ఖాళీ చెయ్యాల్సిందేనట.

బాబాయి కుర్చీలో కూలబడిపోయాడు. రావుగారు ఫ్యాన్ కింద నిలబడి కూడా చెమటలు తుడుచుకుంటున్నారు. అన్నపూర్ణగారు "ఈ వయసులో నన్ను ఉర్దూ నేర్చుకోమంటే ఎలాగమ్మా? అక్షరం ముక్క ఎక్కదు" అని ముక్కు చీదారు.

అదిగో, అప్పుడే నా బుర్రలో బల్బు వెలిగింది. ఆ బల్బు ఆ రోజు మాడిపోయి ఉంటే ఎంత బాగుండేదో!

"మీరంతా ఎందుకు కంగారు పడతారు? మనకి ఆపా ఉంది కదా" అన్నాను.

"ఆవిడకి సొంత షాపుందే" అన్నాడు బాబాయి.

"ఉండనీ. ఎర్రమంజిల్ నుంచి వచ్చే మనిషి ఎటునుంచి వస్తాడు? పంజాగుట్ట వైపు నుంచే కదా. ముందు మన షాపు. ఇక్కడ ఆపా మన మనిషిగా ఉంటుంది. ఆయన ముందు గుమ్మం దిగి పక్క షాపు ఎక్కేలోపు, ఆపా వెనక సందులోంచి వెళ్ళి ట్రావెల్స్‌లో కూర్చుంటుంది. తర్వాత పచ్చళ్ళ షాపు. చివరికి ఎలాగూ ఆవిడ షాపే. అక్కడ ఆవిడే ఓనరు. అయిపోయింది!"

"మొహం గుర్తుపట్టడూ?" అన్నారు రావుగారు.

"వేషం మారుద్దాం అంకుల్! మా షాపులో తెల్ల కోటు. మీ షాపులో ఆ బస్సు బొమ్మ నీలం జాకెట్టూ మెళ్ళో కార్డూ. అన్నపూర్ణగారి దగ్గర ఏప్రనూ తలకి టోపీ. ఆఫీసర్లు మొహాలు చూడరండీ, బట్టలు చూస్తారు."

ఈ చివరి మాట నేను ఎంత ధీమాగా అన్నానంటే ముగ్గురూ నమ్మేశారు. నమ్మనిది ఆపా ఒక్కతే.

"గిదేం ఆట బిడ్డా? సార్‌కు ఎర్కైతే మస్తు పరేషాన్ అయితది."

"అవ్వదు ఆపా. మీరు ఫికర్ చెయ్యకండి, మొత్తం నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకుంటవనే నాకు ఫికర్" అంది ఆపా. అన్నది గానీ మా బాబాయి మొహం చూసి కరిగిపోయింది. ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. సరేనంది.

ఆ రోజు రానే వచ్చింది. ఆపా పొద్దున్నే షాపు తీసి, గుమ్మానికి స్టూలు అడ్డం పెట్టి, మా షాపులో తెల్ల కోటు వేసుకుని కూర్చుంది. ఆ కోటు మా బాబాయి కళ్ళు పరీక్ష చేసేటప్పుడు వేసుకుందామని కుట్టించుకున్నది. ఆపాకి అది మోకాళ్ళ దాకా వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి పంజాగుట్ట వైపు కళ్ళు పెట్టుకుని చూస్తున్నాను. రావుగారు చూస్తున్నారు, బాబాయి చూస్తున్నాడు. అందరం ఒకే వైపు.

పాపం ఆ ఆఫీసరు యాదగిరి సార్ ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కారు. పక్క స్టేషన్ పంజాగుట్టలో దిగాలి. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ పంజాగుట్ట దాటిపోయి అమీర్‌పేటలో దిగారు. అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చారు. అంటే మేం చూడని వైపు నుంచి!

వెనక తలుపు దబదబా బాదిన చప్పుడు. తీస్తే అన్నపూర్ణగారు, ఆయాసంతో.

"వచ్చేశాడే! అటువైపు నుంచి ఊడిపడ్డాడు! ఆపా షాపు ముందు నిలబడి స్టూలు వంక చూస్తున్నాడు!"

ఆపా లేచింది. "నేను నా దుకాన్‌కు పోత" అంది. ఆవిడ అలా వెళ్ళిపోయి ఉంటే నేనివాళ ఈ కథ చెప్పేదాన్ని కాదు. నేనేం చేశానో తెలుసా? చెయ్యి పట్టుకుని ఆపేశాను.

"మీ షాపుకేం భయం ఆపా? మీకు రెండు భాషలూ వచ్చని లోకమంతా ఎరుగుదురు. దాని సంగతి తర్వాత ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. ముందు పచ్చళ్ళ షాపుకి పరిగెత్తండి!"

ఏం తెలివి, ఏం తెలివి! ఇప్పటికీ తలుచుకుంటే నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఆపా పరిగెత్తింది. నేనూ వెనకే పరిగెత్తి పచ్చళ్ళ షాపు వెనక తలుపు సందులోంచి తొంగి చూశాను. యాదగిరి సార్ సన్నగా, చేతిలో టిఫిన్ సంచీతో, గుడికొచ్చినంత నెమ్మదిగా జాడీలన్నీ చూస్తున్నారు.

"కమ్ తిఖ్ఖా కౌన్‌సా హై అమ్మా?" అన్నారు. కారం తక్కువది ఏదీ అని.

అన్నపూర్ణగారు దేవుడి పటం వంక చూశారు. అంతలో వెనకనుంచి ఆపా దూసుకొచ్చింది, గడగడా ఉర్దూలో ఉసిరికాయ గురించి, నిమ్మకాయ గురించి చెప్పేసింది. ఉర్దూకి వంక పెట్టడానికేం లేదు. కానీ వేసుకున్నది తెల్ల కోటు!

సార్ ఆ కోటు వంక పైనించి కిందకి చూశారు. "గిదేంది, పచ్చళ్ళకు డాక్టరమ్మను సుత పెట్టుకున్నరా?"

"మాది చాలా శుభ్రమైన షాపండీ" అన్నారు అన్నపూర్ణగారు.

సార్ తలూపి ముందు గుమ్మం దిగారు. వెనక సందులో నేను ఆపా ఒంటి మీది కోటు లాగేసి పడేశాను. అన్నపూర్ణగారు ఎందుకైనా మంచిదని తన టోపీ తీసి ఆపా తల మీద పెట్టేశారు. ఆ టోపీతోనే ఆపా ట్రావెల్స్‌లో దూరి, నీలం జాకెట్టూ మెళ్ళో కార్డూ తగిలించుకుని, కంప్యూటర్ ముందు కూర్చుంది. జాకెట్టు మీద బస్సు బొమ్మ, తల మీద పచ్చళ్ళ టోపీ.

"బీదర్ కో జానా హై" అన్నారు సార్. బీదర్ వెళ్ళాలి అని.

పాపం ఆపా. పరిగెత్తి పరిగెత్తి ఊపిరాడట్లేదు. ఎన్నేళ్ళుగానో నోటికి అలవాటైన మాట అదంతట అదే వచ్చేసింది.

"కిత్తా హోనా సాబ్? దో మీటర్ చాలునా?"

రావుగారు దగ్గబోయి మానేశారు. సార్ మాత్రం మొహంలో ఒక్క గీత కూడా మారకుండా, ఈసారి తెలుగులో అన్నారు. "బీదర్ రెండు మీటర్లల్ల ఉన్నదా అమ్మా? నాకు ఎర్కనే లేదు. ఇగ బస్సెందుకు, నడుసుకుంట పోత."

అక్కణ్ణుంచి మా షాపు. ఆపా టోపీ పారేసింది గానీ జాకెట్టు, మెళ్ళో కార్డు తియ్యడం మర్చిపోయింది. సార్ వచ్చి పరీక్ష కుర్చీలో కూర్చున్నారు. ఆపా వంక చాలాసేపు చూశారు.

"నిన్ను యాడనో చూసిన అమ్మా."

"హైదరాబాద్‌ల అందరు ఒక్కతీర్గనే కనబడ్తరు సాబ్" అంది ఆపా.

మా బాబాయికి ఎంత కంగారులోనైనా వ్యాపారం మర్చిపోయే అలవాటు లేదు. "అందుకే సార్, మీరు ఒక్కసారి కళ్ళు చూపించుకోవాలండీ. పవర్ మారిందేమో" అన్నాడు.

సార్ బాబాయి వంక కూడా అంతే నెమ్మదిగా చూసి లేచారు. గుమ్మంలో నిలబడి, మమ్మల్నందర్నీ ఉద్దేశించి చెప్పారు.

"ఈ మూడు దుకాన్లల్ల మనిషి ఉంది, చూసిన. ఆ చివర దుకాన్ల మాత్రం ఒక్క స్టూల్ ఉంది. స్టూల్‌కు తెలుగు రాదు, ఉర్దూ రాదు. ఇగ ఆ దుకాణం కిరాయి పొడిగించుడు కాదు."

వెళ్ళిపోయారు.

ఆపా మెళ్ళో కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆ మ్యాచింగ్ సెంటర్ ఆవిడ పెళ్ళైన కొత్తలో అత్తగారితో పోట్లాడి, అలిగి, ఒప్పించి పెట్టుకున్న షాపు. కొడుకు పెళ్ళి జరిగిన రోజు కూడా సాయంత్రం ఒకసారి వచ్చి తాళం ముట్టుకుని వెళ్ళిందట. అలాంటి మనిషి నావైపు తిరిగి అంది.

"మీ బాబాయి ఉర్దూ నేనే మాట్లాడిన. రావుసాబ్ ఉర్దూ నేనే మాట్లాడిన. పచ్చళ్ళమ్మ ఉర్దూ నేనే మాట్లాడిన. మరి నా ఉర్దూ ఎవరు మాట్లాడాలె బిడ్డా?"

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆపాని ఆటో ఎక్కించుకుని ఎర్రమంజిల్ బయల్దేరాను. "నిజం చెప్పేస్తే మన షాపు కూడా పోతుందే" అన్నాడు బాబాయి. ఆ భయం నాకూ ఉంది. అందుకని ఆటోలో ఇంకో ఐడియా వేశాను. అవును, మళ్ళీ ఐడియా! మీరు తల పట్టుకోవడం నాకు కనపడుతోంది.

యాదగిరి సార్ టేబుల్ ముందు నిలబడి ధైర్యంగా చెప్పాను. "సార్, మ్యాచింగ్ సెంటర్‌లో కూడా ఉర్దూ మనిషి ఉంది సార్. నేనే. నిన్న మీరొచ్చినప్పుడు చాయ్ తాగడానికి వెళ్ళాను."

ఆపా నన్ను గిల్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అట్లనా? ఏదీ, జర మాట్లాడు" అన్నారు సార్.

స్కూల్లో హిందీలో నాకెప్పుడూ మంచి మార్కులే. ఊపిరి పీల్చుకుని అందుకున్నాను. "మహోదయ్, ఆప్‌కా స్వాగత్ హై. కృపయా ప్రతీక్షా కీజియే. అసువిధా కే లియే హమే ఖేద్ హై."

పక్క టేబుళ్ళ వాళ్ళంతా తలలెత్తి చూశారు. సార్ పెన్ను కింద పెట్టారు.

"గిది ఉర్దూ కాదమ్మా. రైల్వే స్టేషన్ల అనౌన్స్‌మెంటు. ఏ బండి లేటైందో అది సుత చెప్పు."

ఆఫీసంతా ఒకటే నవ్వు. ఇక నావల్ల కాలేదు. వేషాలు, సందు, స్టూలు, మొత్తం కక్కేశాను. తప్పంతా నాదే, ఆపాది ఏం లేదు, ఆవిడ షాపు మాత్రం తీసెయ్యకండి సార్ అని ఏడ్చేశాను.

"నువ్వు చెప్పాల్నా?" అన్నారు సార్. "ఒక్కామె తెల్లకోటుల పచ్చళ్ళమ్మె, టోపీ పెట్టుకోని బస్ టికెట్లిచ్చె, బస్సు కార్డ్ ఏసుకోని అద్దాలమ్మె. నాకేమన్న కండ్లు కనబడయనుకున్నరా? మీ బాబాయికి చెప్పు, నా పవర్ మంచిగనే ఉన్నది."

పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుని తీర్పు చెప్పారు. "ఒక్క మనిషి ఒక్క దుకాన్లనే ఉండాలె. ఆఖరికి ఆమె కళ్ళజోళ్ళ షాపు మనిషని మీరే చూపెట్టిన్రు. నువ్వు మ్యాచింగ్ సెంటర్ మనిషివని నువ్వే చెప్పినవ్. గట్లనే రాసుకుంటున్న. తక్కిన ఇద్దరు వాళ్ళ మనుషులను వాళ్ళు చూసుకోవాలె. ఎన్నడో ఒకనాడు మల్ల వస్త. ఆ రోజు నువ్వు ఆ దుకాన్ల కూసోని మాట్లాడకపోతే, ఆ దుకాణం ఖాళీ."

అర్థమైందా మీకు? ఉర్దూ వచ్చిన ఆపా మా బాబాయి షాపులో. ఉర్దూ రాని నేను ఆపా షాపులో. అదీ, ఆ షాపు ఉండడం, పోవడం నా నోట్లో! ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు.

రావుగారికి చివరికి తెలిసిందేమిటంటే ఆయన బస్సు డ్రైవరు ఖాజా భాయ్‌కి రెండు భాషలూ మొదట్నుంచీ వచ్చు, ఎవరూ అడగలేదంతే. అన్నపూర్ణగారు పాతబస్తీలో పుట్టి పెరిగిన అల్లుణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. నాకే దిక్కు లేదు. ఆపా చేతిలో పడ్డాను.

పొద్దున్నే షట్టర్లు తీయకముందు పాఠం. ఆపా చేతిలో గుడ్డ కొలిచే మీటరు బద్ద. "బస్ కరో, ఆ స్టేషన్ హిందీ బంద్ చెయ్. అవును అంటే హౌ. వద్దు అంటే నక్కో. చెప్పు." తప్పు చెప్తే బద్ద బల్ల మీద ఠప్పుమనేది. ఆవిడ పెట్టిన షరతు ఇంకోటుంది. ఆ షాపులో ఉన్నంతసేపు నా నోట్లోంచి తెలుగు ముక్క రాకూడదు. లైనింగ్ కోసం వచ్చే హాస్టల్ అమ్మాయిలు, అందరూ మా వైపు వాళ్ళే, "ఏంటే శిరీషా, నీకేమైంది?" అని భయపడేవారు. "కుచ్ నై, కుచ్ నై" అనేదాన్ని. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెళ్ళి సంబంధం గురించి అమ్మ అడిగితే "అభీ నక్కో" అన్నాను. అమ్మ కంగారుపడి బాబాయికి ఫోన్ చేసి, దీనికి దిష్టి తీయించమంది.

అక్కడ బాబాయి షాపులోనేమో ఆపా దుమ్ము రేపుతోంది. "గీ ఫ్రేమ్ నీ మొహానికి మంచిగ లేదు, గది పెట్టు" అని దబాయించి అమ్మేది. జనం తిట్లు తిని మరీ కొనుక్కెళ్ళేవారు. బాబాయి సంతోషం చూస్తే నాకు కడుపు మండేది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం యాదగిరి సార్ రానే వచ్చారు. చేతిలో వాళ్ళావిడ చీర కవరు. వెనక తలుపు దగ్గర ఆపా దుపట్టా అంచు కనపడింది, పరిగెత్తుకొచ్చి దాక్కుందన్నమాట. ఈ షాపు పోతే నేను ఆ మనిషికి మొహం చూపించలేను. ఆపా పేరు మనసులో తలుచుకుని మొదలుపెట్టాను.

"ఆయియే సాబ్, తష్రీఫ్ రఖియే. క్యా హోనా?" రండి, కూర్చోండి, ఏం కావాలి అని.

సార్ కనుబొమలు లేచాయి. ఉర్దూలో చీర రంగు గురించి అడిగారు, చెప్పాను. లైనింగ్ గురించి అడిగారు, చెప్పాను. ఒక్క తప్పు లేదు! వెనకనుంచి చిన్నగా "షాబాష్" అని వినపడింది. నేను గాల్లో తేలిపోతున్నాను.

"దీనికి ఫాల్ సుత కావాలె బిడ్డా. గీ రంగుల ఉన్నదా?" అన్నారు సార్.

"హౌ సాబ్, హై నా!"

"రంగు పోతదా?"

"ఫికర్ నక్కో సాబ్, రంగ్ నై జాతా."

"నీది ఏ ఊరమ్మా?"

"పాలకొల్లు సాబ్. గోదావరి కే బాజూ మే హై."

"పాలకొల్లుల ఏం భాష మాట్లాడ్తరు?"

"తెలుగు బోల్తే సాబ్."

వెనక తలుపు దగ్గర ఏదో అలజడి. "తెలుగుల చెప్పు పిచ్చిదానా, తెలుగుల!" అని ఆపా గుసగుస.

"అభీ బోల్తీ ఆపా, జరా ఠైరో!" అన్నాను నేను గట్టిగా, ఇప్పుడే చెప్తాను కాస్త ఆగమని, అదీ ఉర్దూలో.

సార్ చీర మడిచి కవర్లో పెట్టుకున్నారు. లేచారు. మొహం దిగులుగా పెట్టుకున్నారు.

"ఉర్దూ అయితే మస్తుగున్నది. గానీ ఏం చేస్తం? రూలు రెండు భాషలు కావాలంటది. గీ దుకాన్ల తెలుగొచ్చిన మనిషే లేదు. అట్లనే రాస్త."

అప్పుడు వెలిగింది నాకు! ఆయన ఎప్పుడో తెలుగులోకి దిగిపోయారు. పాలకొల్లులో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, తెలుగులో తిని, తెలుగులో కలలు కనే నేను తెలుగులో ఫెయిలయ్యాను! ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. ఒక్క తెలుగు మాట తట్టదే! చీర అన్న మాట కూడా తట్టలేదు. ఆపా షాపు కళ్ళముందు మూతపడిపోతోంది. గుండెల్లోంచి, కడుపులోంచి, మా ఊళ్ళోంచి ఒక్క కేక తన్నుకొచ్చింది.

"అయ్యబాబోయ్!"

సార్ ఆగారు. తల పంకించారు. "ఆఁ, వచ్చింది. గిది అసలైన తెలుగు. చాలు, పాసైనవ్. ఇగ ఫాల్ కట్ చెయ్, మా ఇంటామె నా కోసం చూస్తుంటది" అని మళ్ళీ కూర్చున్నారు. ఆపా లోపలికొచ్చి నన్ను వాటేసుకుంది. తర్వాత నెత్తి మీద ఒక్కటి మొట్టింది. రెండూ నాకు దక్కాల్సినవే.

కాబట్టి యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇక ఈ జన్మలో ఒకరి మనిషిని ఇంకొకరి షాపులో కూర్చోబెట్టనని, ఆటోలో కూర్చుని ఐడియాలు వెయ్యనని, ఎదుటివాళ్ళు ఏ భాషలో అడుగుతున్నారో చెవులారా వినకుండా నోరు తెరవనని, ఆపా మీటరు బద్ద మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. ఆపా చాలదంది. రూలు ప్రకారం రెండు భాషల్లోనూ పెట్టాలట. మళ్ళీ ఉర్దూలో కూడా పెట్టాను.